పాత కారులో కూలెంట్ తరుగుదల: నేలపై చుక్క పడని లీకును కనుగొనే క్రమం

పాత కార్లు గల వారిని తరచు కలవరపెట్టే సమస్య ఒకటి ఉంది. కూలెంట్ వారం వారం తరుగుతూ ఉంటుంది. కారు నిలిపిన చోట మాత్రం తడి జాడ కనిపించదు. విళాత్తికుళం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి సీమలో ఈ సమస్య మరింత గూఢంగా ఉంటుంది. ఇక్కడి ఎండకు, ఇంజను వేడిమికి సన్నని లీకు నేలను చేరకముందే ఆవిరైపోతుంది. అందువలన లీకు లేదనే భ్రమతో యజమాని నీరు పోస్తూ కాలం గడుపుతాడు. కాని కూలెంట్ పెట్రోలు వలె ఖర్చయ్యే పదార్థం కాదు. మూసి ఉన్న మార్గంలో తిరిగే ద్రవం అది. నెలల తరబడి రిజర్వు డబ్బాలో స్వల్పంగా తగ్గితే అది ఆవిరి కావచ్చును గాని, వారానికొకసారి పోయవలసి వస్తున్నదంటే ఎక్కడో దారి ఏర్పడినట్లే.

మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలోను, అంబాసిడర్ ఉత్పత్తి అదే సంవత్సరం మే నెలలోను నిలిచిపోయాయి. నేడు తిరుగుతున్న ఆ కార్లన్నీ పదేళ్లు దాటినవే. వాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు, గ్యాస్కెట్లు వయసు చేత గట్టిపడి ఉంటాయని ముందే తలచుకొని వెదకడం మంచిది.

రేడియేటర్ మూత

అన్వేషణ మూత నుండి ప్రారంభించాలి. ఇది కేవలం మూత కాదు, రెండు కవాటాలు గల సాధనం. చాలా కార్లలో మూతపై 0.9 అని ముద్రించి ఉంటుంది. వాతావరణ పీడనం కంటె అంత అధిక ఒత్తిడిని మూత లోపల నిలుపుతుందని దాని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీరు సైతం 100 డిగ్రీలకు గాక సుమారు 118 డిగ్రీలకు మరుగుతుంది. మూతలోని స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు చిట్లినా ఒత్తిడి నిలువదు. కారు పరుగెడుతున్నప్పుడే కూలెంట్ పొంగి, రిజర్వు డబ్బా నిండి రోడ్డుపాలవుతుంది. ఇంటి వద్ద నిలిపినప్పుడు చుక్క కూడా కారదు. రెండవ కవాటం చెడితే, ఇంజను చల్లారినపుడు డబ్బాలోని ద్రవం తిరిగి రేడియేటర్‌లోకి రాదు. పై గొట్టం లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. మూత వెల స్వల్పం కనుక అనుమానం కలిగినపుడు అదే ఒత్తిడి గల కొత్త మూతను వేసి చూడడం తెలివైన పని.

తరుగును కొలవడం

ఉదయం ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నపుడు రేడియేటర్‌ను నింపి, రిజర్వు డబ్బాపై గీత పెట్టాలి. కిలోమీటరు అంకె వ్రాసుకోవాలి. రాత్రి కారు క్రింద పాత అట్ట పరచాలి. ప్రతి ఉదయం మట్టం చూడాలి. కారు కదలని రాత్రులలో కూడా తరిగితే లీకు నిలకడైనది. నడిచిన దినాలలోనే తరిగితే అది వేడికి, ఒత్తిడికి మాత్రమే తెరుచుకొనేది. అట్టపై పడిన రంగులేని పలుచని నీరు ఏసీ నుండి వచ్చినది కావచ్చును. కూలెంట్ చేతికి జిగటగా తగులుతుంది, తీపి వాసన గలది.

బయటి జాడలు

కారిన చోట ద్రవం ఆరిపోయినా అందులోని లవణాలు, రంగు మిగులుతాయి. కనుక వెదకవలసినది తడిని కాదు, తెల్లని లేదా పచ్చని పొరను. ఈ చోట్లను వరుసగా చూడాలి:

1. గొట్టాల చివరలు, క్లిప్పుల అంచులు. గొట్టాన్ని నొక్కి చూసినపుడు పగుళ్లు బయటపడతాయి.
2. రేడియేటర్. రాగి, ఇత్తడితో చేసిన పాత రేడియేటర్‌కు టంకము వేయవచ్చును. అల్యూమినియం పలకకు ప్లాస్టిక్ తొట్టి బిగించినదైతే ఆ అతుకు వద్దనే తరచు చెమరుస్తుంది.
3. వాటర్ పంపు క్రింది చిన్న రంధ్రం. లోపలి సీలు అరిగితే ద్రవం దీని గుండా వస్తుంది. తిరిగే బెల్టు దానిని నలువైపులా చిమ్మడం వలన చుక్క నేలపై పడదు.
4. ఇంజను బ్లాకు ప్రక్కన గల కోర్ ప్లగ్గులు. ఇవి లోపలి నుండి తుప్పు పడతాయి.
5. హీటర్. మన సీమలో హీటరు వాడేవారు అరుదు కనుక దీనిని ఎవరూ తలచరు. అయినా అనేక కార్లలో కూలెంట్ దాని గుండా తిరుగుతూనే ఉంటుంది. కాళ్ల క్రింది పట్టా చెమ్మగిలినా, ముందు అద్దంపై జిడ్డు ఆవిరి పట్టినా దీనిని అనుమానించాలి.

ఒత్తిడి పరీక్ష

పై జాడలు దొరకనపుడు మెకానిక్ వద్ద ప్రెషర్ టెస్టర్ పరీక్ష చేయించాలి. చల్లని ఇంజనుకు మూత స్థానంలో ఈ చేతి పంపును బిగించి, మూతపై ముద్రించిన మేరకే ఒత్తిడి ఎక్కించి, పదిహేను నిమిషాలు ముల్లును గమనిస్తారు. ఇంజను చల్లగా ఉన్నందున కారినది ఆవిరి కాదు, కంటికి కనబడుతుంది. కొన్ని క్లిప్పులు చల్లనపుడే కారి, వేడికి లోహం వ్యాకోచించగానే మూసుకుంటాయి; కొన్ని పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి. అందువలన ఇంజనును కొంతసేపు నడిపి, ఆపి, తగినంత చల్లారిన పిమ్మట మరల పరీక్షించడం అవసరం.

లోపలి లీకు

ముల్లు దిగుతున్నా బయట తడి లేకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను, సిలిండర్ హెడ్‌ను అనుమానించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుండి తెల్లని ఆవిరి ఆగకపోవడం, ఆయిలు పాలు కలిసిన కాఫీ వలె మారడం, స్పార్క్ ప్లగ్గులలో ఒకటి మాత్రం కడిగినట్లు శుభ్రంగా ఉండడం దీని లక్షణాలు. చల్లని ఇంజనును మూత లేకుండా స్టార్టు చేయగానే రేడియేటర్‌లో బుడగలు ఎడతెగక వస్తే మండిన వాయువు నీటిలో కలుస్తున్నదని ఊహించవచ్చు. ఆ వాయువు తగిలినపుడు నీలం నుండి పసుపుకు మారే పరీక్షా ద్రవంతో దీనిని రూఢి చేస్తారు. ఒక్క లక్షణాన్ని చూచి హెడ్ విప్పించరాదు.

తాత్కాలిక చిట్కాలు

లీకును ఆపడానికి రేడియేటర్‌లో పసుపు పొడి వేసే అలవాటు కొందరికి ఉంది. అది రంధ్రంతో పాటు సన్నని గొట్టాలను, హీటరును కూడా పూడుస్తుంది. ఊరు చేరడానికి తప్ప అది చికిత్స కాదు. థర్మోస్టాట్‌ను తీసివేయడం వలన కూడా లీకు పోదు. ఉప్పులు గల బోరు నీరు లోపల పెచ్చు కట్టి, లోహాన్ని తినివేసి, కొత్త లీకులకు కారణమవుతుంది. డిస్టిల్డ్ నీటితో కలిపిన కూలెంట్‌నే వాడాలి. మనకు గడ్డకట్టే చలి లేకపోయినా, తుప్పును నివారించడానికి, మరుగు స్థానాన్ని పెంచడానికి అది అవసరం.

మరువరాని జాగ్రత్తలు

వేడి ఇంజను మూతను ఎన్నడూ తెరువరాదు. ఒత్తిడి తొలగగానే లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖాన్ని, చేతులను కాల్చివేస్తుంది. ఎర్రగా కాగిన ఇంజనులో చన్నీరు పోస్తే లోహం పగలవచ్చును. కూలెంట్ బాగా తగ్గినపుడు ఉష్ణోగ్రత ముల్లును నమ్మరాదు. దాని సెన్సార్ ద్రవంలో మునగక ఆవిరిలో ఉంటే ముల్లు తక్కువ చూపుతుండగానే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. ఆపైన హెడ్ ఫేసింగ్ చేయించవలసి వస్తుంది. పది రూపాయల క్లిప్పుతో తీరే పని ఇంజను విప్పే వరకు పోతుంది.

కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ తీపి గల విషం. పెరటిలో కారినదానిని కుక్కలు, మేకలు, పసిపిల్లలు నాకే ప్రమాదం ఉంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. మింగినట్లు తెలిసిన వెంటనే, లక్షణాల కొరకు వేచి ఉండక, వైద్యశాలకు తీసుకొనిపోవాలి. తీసివేసిన పాత కూలెంట్‌ను మూత గల డబ్బాలో భద్రపరచాలే గాని వాకిట్లో పారబోయరాదు.