చక్కెర తోకతో వచ్చిన విషం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మందుల కంపెనీలన్నీ కొత్త యాంటీబయాటిక్‌ల కోసం మట్టి వెంట పడ్డాయి. ఆరియోమైసిన్ అలా దొరికిందే. దాన్ని కనిపెట్టిన లెడర్లీ ప్రయోగశాలకు అప్పట్లో సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు. 1950ల చివర్లో అప్‌జాన్ కంపెనీకి కాన్సాస్‌లోని బ్లూ రాపిడ్స్ అనే చిన్న ఊరి మట్టిలో ఒక సూక్ష్మజీవి చిక్కింది. అది తయారుచేసే పదార్థమే స్ట్రెప్టోజోటోసిన్. యాంటీబయాటిక్‌గా మాత్రం అది నిలదొక్కుకోలేదు.

1963లో రాకీటెన్, నాడ్కర్ణీ తదితరులు ఒక వింత ప్రచురించారు. ఈ మందు ఎక్కించిన ఎలుకలకు, కుక్కలకు మధుమేహం వస్తోంది! క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చచ్చిపోతున్నాయి. ఇంకొకరైతే విషమని మూలన పడేసేవారేమో. కానీ బీటా కణాలను చంపేది, ఆ కణాల్లో పుట్టిన కేన్సర్‌నూ చంపదా?

క్లోమంలో వచ్చే కేన్సర్లలో ఎక్కువ భాగం నాళాలలో పుట్టేవే. బీటా కణాలుండే లాంగర్‌హాన్స్ పుటికల్లో పుట్టేది అరుదు, ఏడాదికి లక్ష మందిలో ఒక్కరికైనా రాదు. ఇన్సులిన్ కక్కే గడ్డయితే పరగడుపున రోగి తికమకపడి మాట్లాడతాడు, పడిపోతాడు, కాస్త తీపి తింటే లేచి కూర్చుంటాడు. 1929లో టొరంటోలో రోస్కో గ్రాహమ్ అలాంటి గడ్డను కోసి తీసి రోగిని బాగుచేశారు. కాలేయానికి పాకితే మాత్రం కత్తికి అందేది కాదు.

స్ట్రెప్టోజోటోసిన్ అణువుకు ఒక కొసన గ్లూకోజు ఉంటుంది. బీటా కణంలోకి చక్కెర వెళ్లే ద్వారం గుండా అదీ దూరి, డీఎన్‌ఏను చెడగొడుతుంది. బీదర్‌లో బిద్రీ పనివాళ్లు కోట మట్టిని నవాసారంతో కలిపి పూస్తే జింకు పాత్ర నల్లబడుతుంది, పొదిగిన వెండి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఈ మందుకు అంత నిక్కచ్చితనం లేదు. మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది, వాంతులు సరేసరి. పైగా ఎలుక బీటా కణాలంత సులువుగా మనిషివి చావవు.

అయినా 1968లో లండన్ వైద్యులు వ్యాపించిన పుటికల కేన్సర్‌పై ప్రయోగించి ఫలితం చూపారు. 1980లో మేయో క్లినిక్ వైద్యుడు మోర్టెల్ బృందం 84 మంది రోగులతో పోల్చి చూసింది: ఈ మందు ఒక్కటే ఇస్తే 36 శాతం మందిలో స్పందన, ఫ్లోరోయురాసిల్ అనే మరో మందు జోడిస్తే 63 శాతం. 1982లో అమెరికా అనుమతించింది. 1992లో ఫ్లోరోయురాసిల్‌కు బదులు డాక్సోరుబిసిన్ జతచేసినప్పుడు సగటు రోగి ఆయుష్షు 1.4 నుంచి 2.2 ఏళ్లకు పెరిగింది. చిన్న లాభమే, కానీ అంతకు ముందు అదీ లేదు.

2011 నాటికి ఈ కేన్సర్‌కు ఎవరోలిమస్, సునిటినిబ్ మాత్రలు వచ్చాయి. మన ఫార్మసీ కాలేజీల్లో మాత్రం స్ట్రెప్టోజోటోసిన్ అనగానే విద్యార్థికి గుర్తొచ్చేది కేన్సర్ కాదు, మధుమేహం తెప్పించిన ఎలుక. దానికి ఇచ్చి చూసే నేరేడు గింజల కషాయం.