కారు అద్దం కథ

మొదట్లో కార్లకు వెనక చూసే అద్దం ఉండేది కాదు. 1909లో ఇంగ్లాండులో డొరొతీ లెవిట్ అనే ఆమె, కారు నడిపే ఆడవాళ్ళ కోసం ఒక పుస్తకం రాసింది. చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకుంటే వెనక ఏం వస్తోందో చూసుకోవచ్చని అందులో చెప్పింది. ముఖం చూసుకునే అద్దమే!

1911 మే 30న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 500 మైళ్ళ కారు పందెం జరిగింది. అందరి పక్కన ఒక మెకానిక్ కూర్చున్నాడు. వెనక వచ్చే కార్ల సంగతి చెప్పడం కూడా అతని పనే. రే హరూన్ మాత్రం ఒక్కడే వచ్చాడు. ఇది ప్రమాదం అని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు కారు మీద అద్దం బిగించి, పందెం గెలిచేశాడు. తమాషా ఏంటంటే, ఇటుకల బాట మీద అద్దం ఒకటే అదిరి ఏమీ కనపడలేదని తర్వాత ఆయనే చెప్పాడట.

అదరకపోయినా అద్దంలో అన్నీ కనపడవు. కుంభాకార దర్పణం ఎక్కువ చోటు చూపిస్తుంది గానీ వస్తువును చిన్నది చేస్తుంది, అందుకే దగ్గరి లారీ దూరంగా ఉన్నట్టు ఉంటుంది. పక్కన కొంత చోటు అసలు కనపడదు. 2000 తర్వాత వోల్వో వాళ్ళు పక్క అద్దాల కింద కెమెరా పెట్టారు. ఆ చోట్లోకి బండి వస్తే అద్దం దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. ఇప్పుడు చాలా కార్లలో రాడార్ ఆ పని చేస్తోంది. అంటే పాత మెకానిక్ మళ్ళీ వచ్చినట్టే.

మా హోసూరు హైవేలో లారీల పక్కన బైకులు దూరుతుంటాయి. కొందరు అన్నలు స్టైలు కోసం బైకు అద్దాలు తీసేస్తారు. నన్నడిగితే, ఆ దీపం లారీ అద్దానికి బయటివైపు కూడా ఉండాలి. నువ్వు డ్రైవరుకు కనపడడం లేదని బైకులో ఉన్నవాళ్ళకు ముందు తెలియాలి కదా!