వడ్డీ ఆశ.. అసలుకే ఎసరు

కోసిగి: వానలు ముఖం చాటేసిన ఏడాది కోసిగి మండలంలోని పల్లెల నుంచి కూలీల కుటుంబాలు గుంటూరు ప్రాంతంలోని మిరప చేలకు సుగ్గికి తరలివెళ్తుంటాయి. నెలల తరబడి కడుపు కట్టుకుని మిగిల్చుకున్న డబ్బును తిరిగొచ్చాక ఎవరి చేతిలో పెట్టాలన్నది వారికి పెద్ద ప్రశ్న. తెలిసిన ఏజెంటు అన్న నమ్మకంతోనే సొమ్ము అప్పగిస్తే ఏమవుతుందో అగ్రిగోల్డ్ ఉదంతం తెలియజెప్పింది.

పదేళ్ల నిరీక్షణ

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ స్థలం గానీ, అధిక రాబడి గానీ ఇస్తామంటూ పలు రాష్ట్రాల్లో ఏజెంట్ల ద్వారా డిపాజిట్లు సేకరించింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) లెక్క ప్రకారం 19 లక్షల మందికి పైగా ఖాతాదారులు చెల్లించిన సొమ్ము సుమారు రూ.6,380 కోట్లు. 2015లో సీఐడీ దర్యాప్తు మొదలైంది. చిన్న డిపాజిటర్లకు రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో సుమారు రూ.264 కోట్లు, 2021 ఆగస్టులో సుమారు రూ.667 కోట్లు చెల్లించింది. ఈడీ జప్తు చేసిన వేల కోట్ల ఆస్తులు బాధితుల కోసం సీఐడీ చేతికి రావడానికి 2025 వరకు ఆగాల్సి వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

1999 నాటి రాష్ట్ర డిపాజిటర్ల రక్షణ చట్టం కింద, సొమ్ము ఎగవేసిన సంస్థ ఆస్తులను జప్తు చేసి ప్రత్యేక కోర్టు ద్వారా బాధితులకు పంచుతారు. 2019లో కేంద్రం తెచ్చిన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. క్రమబద్ధం కాని పథకాల కింద డిపాజిట్లు సేకరించడమే నేరమని, అందుకు రెండు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా తప్పవని పేర్కొంది. మోసపూరితంగా ఎగవేస్తే శిక్ష మూడు నుంచి పదేళ్లు. అబద్ధమని తెలిసీ జనాన్ని నమ్మించి చేర్పించిన వారికి ఏడాది నుంచి ఐదేళ్ల జైలు పడుతుంది. బంధువుల వద్ద తీసుకునే చేబదుళ్లు ఈ చట్టం పరిధిలోకి రావు.

చీటీలు.. బ్యాంకులు

1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ ప్రారంభానికి ముందే నిర్వాహకుడు ప్రభుత్వ అనుమతి పొంది రిజిస్టర్ చేయించాలి. అతని కమీషన్ ఏడు శాతం మించరాదు. చీటీలో చేరేవారు రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు డిపాజిట్లకు ఉన్న బీమా 2020 ఫిబ్రవరి 4 నుంచి రూ.5 లక్షలకు పెరిగింది. సహకార బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో దాచిన సొమ్ముకు మాత్రం ఈ బీమా లేదు.

మోసపోతే ఏం చేయాలి?

బాండు, రసీదు, పాసుపుస్తకమే బాధితుడికి ఆధారం. గడువు తీరిందని వాటిని ఏజెంటుకు తిరిగి ఇచ్చేయరాదు. నకలు తీసి దగ్గర ఉంచుకోవాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు పొందాలి. అక్రమ డిపాజిట్లపై రిజర్వు బ్యాంకు నడిపే ‘సచేత్’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ ద్వారా డబ్బు కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు తెలపాలి.

అగ్రిగోల్డ్‌లో ఆస్తులు దొరికినా బాధితులు ఏళ్ల తరబడి ఎదురుచూడక తప్పలేదు. ఆస్తులే మిగల్చని సంస్థ బోర్డు తిప్పేస్తే చట్టం ఉన్నా చేతికొచ్చేది స్వల్పమే. అందుకే సొమ్ము చేయి దాటకముందే, ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకునే అనుమతి ఎవరిచ్చారని అడగాలి. కాగితం చూపలేని ఏజెంటుకు డబ్బు ఇవ్వకపోవడమే మేలు.