ముసలమ్మ కథలో మాట్లాడని మనుషులు

తెలిసిన కథనే మళ్ళీ చెప్పడంలో ఒక తమాషా ఉంది. ఏడు చేపల కథలో ఆరు చేపలు ఎండాలి, ఒకటి ఎండకూడదు. అది మార్చామంటే పిల్లలు ఒప్పుకోరు. కానీ చీమ గొంతు ఎలా ఉండాలి, ఆవు ఎంత బద్ధకంగా జవాబు చెప్పాలి అన్నది మాత్రం మన ఇష్టం. కథ ఎముకలు పాతవే, కండ పెట్టేది మనం.

మా అనంతపురంలో ఇలా మళ్ళీ మళ్ళీ చెప్పుకున్న కథ ముసలమ్మది. పేరే ముసలమ్మ, మనిషి మాత్రం పడుచుపిల్ల.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. అదీ నమ్మకం లేదు. అలాంటిచోట చెరువంటే ఊరి ప్రాణం. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా పెద్ద చెరువు కట్టించాడు. ఒకవైపు బుక్కరాయసముద్రం, మరోవైపు అనంతసాగరం ఊళ్ళు వెలిశాయి. ఆ అనంతసాగరమే తర్వాత అనంతపురమైందంటారు.

ఒక ఏడు విపరీతమైన వానలు పడి కట్టకు గండి పడిందట. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ఆమె ఆ గండిలోకి వెళ్ళిపోయింది. కట్ట నిలిచింది. బుక్కరాయసముద్రం దగ్గర ఆ చోటును ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తాం.

ఈ కథ అనంతపురం పాత చరిత్రలో ఉంది. ఆ చరిత్రను సి.పి.బ్రౌన్ దొర సంపాదించి, ఇంగ్లీషులోకి మార్చి 1853లో అచ్చు వేయించాడు. అది రాజుల గొడవలు, యుద్ధాలు నిండిన పుస్తకం. వాటి నడుమ ఒక రైతు ఇంటి కోడలి చావు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటున్న కట్టమంచి రామలింగారెడ్డి కంట అది పడింది. 1899లో కళాశాల భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీ కోసం ఆయన 'ముసలమ్మ మరణము' రాశారు. 1880లో పుట్టిన మనిషి, అప్పటికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు. రాణులూ దేవకన్యలూ నాయికలుగా ఉండే కావ్యాల్లోకి ఆయన ఒక పల్లె కోడలిని తెచ్చారు, అదీ చావుతో ముగిసే కథతో. ఆధునిక తెలుగు కవిత్వానికి అదే తొలి అడుగు అన్నవాళ్ళు ఉన్నారు.

నాకు నచ్చేది వేరే సంగతి. దేవత పలుకుకీ గండికీ మధ్య ఆమెకు ఆయన కొంత సమయం ఇచ్చారు. ఇంటివాళ్ళ దగ్గర సెలవు తీసుకోనిచ్చారు. మాట్లాడనిచ్చారు. కథ తిరగరాసేవాళ్ళ సంతోషమంతా అక్కడే ఉంది. ఇంకెవరో పరుగున దాటిపోయిన చోట మనం కాసేపు ఆగవచ్చు.

అయితే ఆ కావ్యంలో ముసలమ్మ తానుగా, ఇష్టపడి వెళ్తుంది. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి, నిజమే. కానీ ఆమె ఇష్టపడి వెళ్ళిందంటే మిగతా ఊరికి ఎంత నిశ్చింత! పక్కనే కన్నడంలో 'కెరెగె హార' అనే పాట ఉంది. అందులో చెరువులో నీళ్ళు పడటానికి బలయ్యేది భాగీరథి, ఆమె కూడా ఆ ఇంటి చిన్న కోడలే. ఎక్కడో ఉన్న సెర్బియావాళ్ళ పాటలో స్కదర్ కోట నిలబడటానికి గోడలో పెట్టి కట్టేసింది ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడి భార్యను. పసిబిడ్డకు పాలివ్వడానికి గోడలో కాస్త సందు వదలమని అడుగుతుందామె. ఈ మూడు చోట్లా బయటి ఇంటినుంచి వచ్చిన పిల్లే, అందులోనూ అందరికంటే చిన్నదే దొరికింది.

ఈ కథ చెబితే ఏ ఆడపిల్లయినా అడిగే ప్రశ్న ఒకటే: "ఇంట్లో అంతమంది ఉంటే ఆమెనే ఎందుకు పంపారు?"

ఆమెను బతికించి కథ మార్చేయవచ్చు. ఊరంతా తట్టలెత్తి రాత్రికి రాత్రే మట్టి పోసి గండి పూడ్చారని చెప్పవచ్చు. నేనైతే అలా చెప్పను. అలా చెప్తే ముసలమ్మ కట్టకు ఆ పేరెందుకు వచ్చిందో రేపటి పిల్లలకు తెలియదు. జరిగిన అన్యాయం కూడా జరగనట్టే అయిపోతుంది. అందుకే నా కథలోనూ ఆమె గండిలోకే వెళ్తుంది. కాకపోతే వెళ్ళేముందు అత్త గడపకు అడ్డంగా నిలబడి "నా కోడల్ని పంపను, కావాలంటే నేనొస్తా పదండి" అంటుంది. అప్పుడు పెద్దమనుషులు తలలు దించుకుంటారు. ఆ తర్వాత పిల్లలు ముసలమ్మ గురించే కాదు, ఆ పెద్దమనుషుల గురించి కూడా అడగడం మొదలుపెడతారు.

మీరూ ఒకసారి చూడండి. మీ అవ్వ చెప్పిన ఏదో ఒక కథ తీసుకుని, అందులో నోరు మెదపని మనిషి ఎవరో వెతకండి. ముగింపు జోలికి పోవద్దు. ఆ మనిషికి ఒక్క మాట ఇచ్చి, ఈ రాత్రి పిల్లలకు చెప్పండి.