బాటసుంకము: నాటి ఘట్టము, నేటి గేటు

సంస్కృతమున ఘట్టకుటీప్రభాత న్యాయమని యొకటి కలదు. ఒక వర్తకుడు సుంకము ఎగవేయదలచి, రాజమార్గము విడిచి, రాత్రి యంతయు అడ్డదారులలో బండి తోలుకొని పోయినాడట. చీకటిలో తిరిగి తిరిగి, తెల్లవారుసరికి సరిగా సుంకరి గుడిసె ముందే తేలినాడట. దేనిని తప్పించుకొనవలెనని పాటుపడుదుమో దాని యెదుటనే పోయి నిలుచుటకు పండితులు ఈ న్యాయమును చెప్పుదురు.

మొన్న నొక పనిమీద పటాన్‌చెరువు పోయి వచ్చుచుండగా ఈ న్యాయము మాకు అనుభవమునకు వచ్చినది. కారు నడుపుచున్న మిత్రుడు టోలు మిగిల్చెద ననుకొని, అవుటర్ రింగురోడ్డు ఎక్కక, దాని ప్రక్కనే సాగు సర్వీసు రోడ్డు పట్టినాడు. అచ్చట టోలు లేదు. లారీలు, ట్రాక్టర్లు, స్కూటర్లు మాత్రము కావలసినన్ని యున్నవి. ముప్పావు గంట గడచిన పిమ్మట ఆయన విసిగి, కొల్లూరు కూడలి చేరి, ఏ గేటును తప్పించుకొనవలె ననుకొనెనో ఆ గేటు ముందే కారు నిలిపినాడు. అద్దముమీది ఫాస్టాగును యంత్రము చూచినది; అడ్డుకఱ్ఱ తానే పైకి లేచినది. “ఈ సొమ్ము ఎవరికి పోవుచున్నదండీ, ఎందులకు పోవుచున్నది?” అని మిత్రుడు మమ్ము అడిగినాడు. అప్పటికి మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగింపలేదు. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన మీదట తోచిన సంగతులు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

సుంకమను మాట సంస్కృత ‘శుల్క’మునకు వికృతి. దానిని వసూలు చేయువాడు సుంకరి. సుంకర అను ఇంటిపేరు గలవారు నేటికిని మనలో నున్నారు. అయితే సరకుమీది సుంకము వేఱు, బాటమీది సుంకము వేఱు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో ఈ రెంటిని కలగాపులగము చేయలేదు. బాటమీది దానికి ‘వర్తని’ యని వేఱుగా పేరు పెట్టినాడు. సరిహద్దును కాచు అంతపాలుడు సరకుల బండికి ఒకటింబావు పణము, ఒంటిగిట్ట జంతువునకు ఒక పణము, పశువునకు అర పణము, మేక గొఱ్ఱెల వంటి చిన్న జంతువులకు పావు పణము పుచ్చుకొనవలెను. భుజముమీద మోత మోసికొని పోవు కూలివానికి ఒక్క మాషము, అనగా పణములో పదునాఱవ వంతు. నేడు కారుకు ఒక రేటు, బస్సుకు ఒక రేటు, ఇరుసులెక్కువ గల లారీకి మరియొక రేటు కట్టువారు క్రొత్తగా కనిపెట్టిన దేమియు లేదు.

మమ్ము ఆకర్షించినది ఈ రేట్ల పట్టిక కాదు. దాని వెంటనే యున్న చిన్న వాక్యము. బాటలో పోయిన సొత్తును, దొంగ లెత్తుకొనిపోయిన సొత్తును ఆ అంతపాలుడే భర్తీ చేయవలెనట! వర్తని పుచ్చుకొన్న చేతికి కావలి బాధ్యత కూడ అంటుకొని వచ్చినది. ఆచరణలో ఎందఱు అంతపాలురు భర్తీ చేసిరో మనమెఱుగము. శాస్త్రమైనను అట్లు వ్రాసి పెట్టినది.

మన తెలుగుదేశమున సుంకమును గూర్చి మిక్కిలి ప్రసిద్ధమైన సాక్ష్యము మోటుపల్లిలో నున్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45లో వేయించిన అభయశాసన మది. అది రేవుసుంకమే గాని బాటసుంకము కాదు. అయినను ధర్మ మొక్కటే. పూర్వపు రాజులు తుపానుకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తు నంతయు హరించెడివారనియు, తాము క్లుప్తశుల్కము తప్ప మరేమియు పుచ్చుకొనమనియు చక్రవర్తి మాట ఇచ్చినాడు. క్లుప్తశుల్కమనగా ముందుగా నిర్ణయించిన సుంకము. ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొక వంతు అని, మంచిగంధము మొదలగు సరకులకు వేఱువేఱు రేట్లని రాతిమీదనే చెక్కించినాడు. దేశాంతర వర్తకుడు తా నెంత ఇచ్చుకొనవలెనో రేవులో దిగకముందే లెక్క వేసికొనవచ్చును. చెల్లించువానికి సుంకపు మొత్తముకంటె దాని అనిశ్చయమే ఎక్కువ బాధ యని ఆ ప్రభువు గ్రహించినాడు.

ఈ రెండు గుణములును, అనగా రేటు నిశ్చయముగా నుండుటయు, పుచ్చుకొన్నవాడు బాటను కాచుటయు, క్రమముగా పోయిన కథయే ‘రాహ్‌దారీ’ కథ. రాహ్ అనగా బాట. రాహ్‌దారు బాట కాచువాడు. పేరునుబట్టి చూచిన అది కావలి కూలియే. కాని కాలక్రమమున కావలి పోయి కూలి మిగిలినది. ఔరంగజేబు 1659లో రాహ్‌దారీని మాఫీ చేయుచు ఉత్తరువు చేసినాడు. దూరపు సుబాలలో ఫౌజుదారులును జాగీరుదారులును ఆ యుత్తరువును లెక్కచేయక మునుపటివలెనే వసూలు చేసికొనిరని ఖాఫీఖాను తన చరిత్రలో వ్రాసినాడు. మన హైదరాబాదు సుబాలో నిజాముల్‌ముల్కు కాలమునకు చౌతు, సర్‌దేశ్‌ముఖీల వెంట రాహ్‌దారీ గుమాస్తాలును మరాఠాల పక్షమున దారులలో కూర్చుండిరి. బాటసారులకును వర్తకులకును కలిగిన ఈ పీడను తొలగించుటకై, చౌతు సొమ్మును తన ఖజానానుండియే చెల్లించునట్లు నిజాముల్‌ముల్కు ఏర్పాటు చేసికొనెనని ఆ ఖాఫీఖానే చెప్పుచున్నాడు. వసూలుదారులను బాటనుండి దింపుటకు ప్రభుత్వమే సొమ్ము చెల్లించిన ఘట్టము మన చరిత్రలో ఇది యొకటి.

ఆ వెనుక నిజాము రాజ్యపు సరిహద్దు నాకాలలో ‘కరోడ్‌గిరి’ శాఖవారు నూటికి అయిదు చొప్పున సరకు సుంకము పుచ్చుకొనుట నేటి వృద్ధులు తమ పెద్దల నోట వినియుందురు. కోస్తాలో ఇంగ్లీషువారు లోనాటి రవాణా సుంకములను 1844లో ఎత్తివేసిరి. కాని 1851లోనే దేశమున టోళ్ల చట్టము వచ్చినది. ఎత్తివేసినది సరకుమీది సుంకము, తెచ్చినది బాటమీదిది.

ఇంగ్లండులో 1663లో పార్లమెంటు శాసనము మూలమున మొదటి టోలుగేటు వెలసినది. తరువాత వందలాదిగా ట్రస్టులు పుట్టినవి. అవి రాబోవు టోళ్లను తాకట్టు పెట్టి అప్పులు చేసి రోడ్లు వేసినవి. ఒక్కొక్క ట్రస్టునకు సాధారణముగా 21 ఏండ్ల గడువు. గడువు తీరునప్పటికి అప్పు తీరదు. మరల గడువు పొడిగింపు. గేట్లు గుత్తదారుల చేతిలోనికి పోయినవి. గుత్తదారులు సందుగొందులలో కూడ అడ్డుకఱ్ఱలు నిలిపినారు. వేల్సులో పొలమునకు సున్నము తోలుకొను రైతు నాలుగు మైళ్లలోనే పలుమారులు చెల్లింపవలసి వచ్చెడిది. 1839లో ఎవైల్వెన్ గ్రామమున రైతులు ఆడవేషములు వేసికొని, నాయకుని ‘రెబెకా’ యని పిలుచుకొనుచు గేటును ధ్వంసము చేసిరి. ఆ అలజడి 1843 వరకు సాగినది. మరుసటి ఏడు అచ్చటి టోళ్లను సరళము చేయుచు శాసనము వచ్చినది. రైళ్ల రాకతో ట్రస్టులు దివాలా తీసి, 1895లో కడపటిది ముగిసినది.

ఇంక కొల్లూరుకు వత్తము. హైదరాబాదును చుట్టివచ్చు ఎనిమిది వరుసల ఈ అవుటర్ రింగురోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. గచ్చిబౌలి – శంషాబాదు భాగము 2008 నవంబరులో తెఱచిరి. కండ్లకోయ దగ్గర కడపటి ముక్క 2018లో పూర్తియైనది. ఎక్కినచోటు, దిగినచోటు చూచి దూరమునుబట్టి టోలు తీసికొందురు. 2025 ఏప్రిలులో కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 34 పైసలనుండి 2 రూపాయల 44 పైసలకు పెంచిరి. వలయము మొత్తము చుట్టివచ్చు కారుకు, ఆ రేటున, సుమారు 385 రూపాయలు. క్లుప్తశుల్కము మాట ఇచ్చట నిలిచినదనియే చెప్పవలెను. రేటు అందఱకు తెలిసినదే. ఒక్క చిక్కు మాత్ర మున్నది: 2025 ఆగస్టు 15న వచ్చిన 3,000 రూపాయల వార్షిక పాసు జాతీయ రహదారులకే వర్తించును. జాతీయ రహదారి కాదు గనుక ఈ వలయమున అది చెల్లదు. ఈ సంగతి తెలియక గేటు దగ్గర వాదులాడువారిని మేము చూచితిమి.

సొమ్ము ఎవరికి పోవుచున్నదన్న ప్రశ్నకు జవాబు వేఱు. 2023లో ఈ రహదారి వసూళ్లను ప్రభుత్వము 30 ఏండ్లకు ఐ.ఆర్.బి. సంస్థకు 7,380 కోట్ల రూపాయలకు అప్పగించినది. ఆ మొత్తము ముందుగనే ప్రభుత్వమునకు ముట్టినది. వసూలును, రోడ్డు పోషణయు సంస్థవి. ఈ పద్ధతికి నేడు క్రొత్త పేరు పెట్టినారు గాని, మన తాతలకు తెలిసిన పేరు గుత్త. ధర చాలునా చాలదా యను వాదము శాసనసభ వరకు పోయి, 2024 డిసెంబరులో విచారణ ప్రకటింపబడినది. ఆ లెక్కలు తేల్చుట మా పని కాదు. మా కందోళన కలిగించునది కాలము. 2053 వరకు ఈ గేటు దాటువారు చెల్లించు దాని ఫలము 2023లోనే ఖజానాకు చేరినది. ఆనాటికి కారు నడుపబోవు వారిలో చాలమంది నేడు బడి యీడు పిల్లలు. ఇంగ్లండు ట్రస్టులు చేసినదియు అదియే. తేడా యేమన, అచ్చట ఆ అప్పు రోడ్డు వేయుటకు చేసిరి. ఇచ్చట రోడ్డు అదివఱకే వేయబడి యున్నది.

గుత్తయైనంత మాత్రమున చెడ్డదని మేము చెప్పము. గుంటలు పూడ్చువాడు, దీపములు వెలిగించువాడు, రాత్రివేళ చెడిన బండిని ప్రక్కకు లాగువాడు దొరకినచో వర్తని సార్థకమే. కావున కారుగలవారు రేటు పెరిగినదని విసుగుకొనుటకంటె, గుత్త పత్రములో పోషణను గూర్చి యేమి వ్రాసినారో, దానిని ఎవరు తనిఖీ చేయుదురో అడుగుట మేలు.

కొల్లూరులో 2023 జూనులో ప్రారంభించిన ప్రభుత్వ గృహముల సంఖ్య 15,660. అచ్చటి కాపురస్థులలో స్కూటరు గలవారు ఎక్కువగా కనబడిరి. ద్విచక్రవాహనములకును ఆటోలకును ఆ పెద్దరోడ్డుమీద ప్రవేశము లేదు. వారి దారి మా మిత్రుడు విసిగిన ఆ సర్వీసు రోడ్డే. వారు ఎన్నడును టోలు చెల్లింపరని అనుకొందుము. కాని కూడలి దగ్గరి కిరాణా కొట్టులో సామానులు దింపుచున్న లారీవాని నడిగితిమి. వలయము మీదుగానే వచ్చినాడట. టోలు కిరాయిలో కలిపి షావుకారు ఇచ్చునని చెప్పినాడు. షావుకారు దానిని దేనిలో కలుపునో మేము అడుగలేదు. కొట్టు ముందు స్కూటరు నిలిపి ఒక గృహిణి బియ్యపు సంచి కొనుచున్నది.