ఫ్లోరెన్స్ స్టోనీ చదివిన ఎముకలు

ఎక్స్‌రే చరిత్ర రాంట్‌జెన్‌తో మొదలవుతుంది. 1895 చివర్లో ఆయన తన భార్య అన్నా బెర్తా చేతిని తీసిన బొమ్మ ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతూనే ఉంటుంది. వేళ్ల ఎముకలు, ఒక వేలికి ఉంగరం. ఆ బొమ్మలోకి స్త్రీ అలా వచ్చింది. బొమ్మ తీసి, చదివి, రోగమేమిటో చెప్పిన స్త్రీల ఊసు మాత్రం తక్కువే.

ఫ్లోరెన్స్ స్టోనీ బ్రిటన్‌లో తొలి మహిళా రేడియాలజిస్టు. 1870లో డబ్లిన్‌లో పుట్టింది. 'ఎలక్ట్రాన్'కి ఆ పేరు పెట్టిన జార్జ్ స్టోనీ ఆమె తండ్రి. లండన్‌లోని మహిళా వైద్య పాఠశాలలో చదువుకుంది. అక్క ఎడిత్ అక్కడే భౌతికశాస్త్రం చెప్పేది. 1902లో ఫ్లోరెన్స్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగాన్ని మొదలుపెట్టింది. సాయానికి మనిషి లేదు, సరైన పరికరాలూ లేవు. ఆ విభాగం కమిటీలో ఆమెకి చోటు కూడా ఇవ్వలేదు.

1914లో యుద్ధం వచ్చింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఎక్స్‌రే సేవలు అందిస్తామని ముందుకొస్తే బ్రిటిష్ రెడ్‌క్రాస్ వద్దంది. కారణం, వాళ్లు ఆడవాళ్లు కావడమే. ఫ్లోరెన్స్ మహిళల వైద్యబృందంతో ఆంట్‌వెర్ప్ వెళ్లింది. బాంబుల మధ్య ఆసుపత్రి ఖాళీ చెయ్యాల్సి వచ్చేదాకా అక్కడే ఉంది. తర్వాత షెర్‌బుర్గ్ దగ్గర పనిచేస్తూ, బతికున్న ఎముకకీ చచ్చిన ఎముకకీ తేడాని ప్లేటు మీద పోల్చుకోవడంలో ఆరితేరింది. చచ్చిన ముక్క తీసేస్తే గాయం త్వరగా మానుతుంది. ఎడిత్ ఫ్రాన్స్‌లోనూ, సలోనికాలోనూ అదే పని చేసింది.

1915లో ఫుల్‌హామ్ సైనిక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగాన్ని ఫ్లోరెన్స్‌కే అప్పగించారు. ఏడాది తిరక్కుండా ప్రభుత్వం మనసు మారిందా, గాయపడ్డ సైనికుల సంఖ్య మార్పించిందా? సమానత్వం చాలాసార్లు మనకి అవసరం పేరు మీదే దక్కింది. అవసరం తీరగానే దాన్ని వెనక్కి లాక్కోవడమూ మనకు తెలుసు.

ఆ పనికి ఆమె ఒంటితో మూల్యం చెల్లించింది. కిరణాలకి చేతుల చర్మం పాడైంది. 1932లో వెన్నెముక క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి 62 ఏళ్లు.

ఆమె చివరి పరిశోధనా వ్యాసం భారతదేశ ప్రయాణంలో రాసింది. విషయం ఆస్టియోమలేషియా, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు. దానివల్ల కటి ఎముకలు వంకరపోయి కాన్పు కష్టమవడం. ఎండ తగలకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు. పైన తిండి చాలదు, వరసగా కాన్పులు. గడప దాటనివ్వని ఘోషా ఆడవాళ్ల ఎముకల్లోకి దిగేది అలాగే.

ప్లేటు మీద ఎముక వంకర కనబడుతుంది. ఘోషా కనబడదు. బొమ్మలో లేనిదాన్ని కూడా చదవగలిగినప్పుడే రోగం అర్థమవుతుంది. ఎముకల నొప్పులకి మాత్రలు రాసిచ్చి పంపేసే డాక్టర్లు ఇవాళ కూడా ఆ ఆడమనిషి ఏం తింటోందో, ఎన్నిగంటలు గోడల మధ్యే గడుపుతోందో అడగాల్సే ఉంది.