క్వాంటం పాఠమునకు తొలిమెట్టు

పట్టపరీక్షకు చదువు విజ్ఞానశాస్త్ర విద్యార్థికిని, ఇంజనీరింగు విద్యార్థికిని క్వాంటం శాస్త్రమును ఎక్కడ మొదలుపెట్టి చెప్పవలెను? చరిత్ర నడచిన దారినే నడిపించుట వాడుక. 1900లో ప్లాంక్ ఊహ, 1905లో ఐన్‌స్టీన్ కాంతికణము, 1913లో బోర్ పరమాణువు, 1926లో ష్రోడింగర్ సమీకరణము: పాఠ్యగ్రంథములు పెక్కు ఈ వరుసనే నడచుచున్నవి. ఇందొక చిక్కు కలదు. సూర్యుని చుట్టు గ్రహమువలె కేంద్రకము చుట్టు తిరుగు ఎలక్ట్రాన్ బొమ్మ విద్యార్థి మనస్సులో మొదట నాటుకొనును. తరువాత దానిని పెరికివేయుట ఉపాధ్యాయుని వంతగును. నాటినంత సులభముగా అది ఊడిరాదు.

ఈ వరుసను తలక్రిందులు చేసిన ఒక ప్రయత్నమును గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

అమెరికాలో పాసడీనా నగరమందలి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో చేరినవారు, ఏ శాఖవారైనను, రెండేండ్లు భౌతికశాస్త్రము చదువవలసియుండెను. సాపేక్షతను, పరమాణువును గూర్చి విని ఉబలాటపడి వచ్చిన బాలురకు ఆ రెండేండ్లును వాలుతలములతోను, స్థిరవిద్యుత్తుతోను గడచిపోయెడివి. ఈ లోపమును సవరించుటకై 1961 మొదలు 1963 వరకు రిచర్డ్ ఫైన్‌మన్ వారికి స్వయముగా ఉపన్యసించెను.

క్వాంటం శాస్త్రమునకు ఆయన ఎత్తుకొన్నది రెండు రంధ్రములున్న ఒక గోడ. దానిపై తుపాకి గుండ్లు కాల్చినచో, రెండు రంధ్రములు తెరచినప్పటి లెక్క ఒక్కొక్కటి తెరచినప్పటి లెక్కల మొత్తమే. నీటి అలలు అట్లుగాక ఒకచోట కలిసి పెరుగును, ఒకచోట ఒకదానినొకటి చెరపుకొనును. మరి ఎలక్ట్రాన్లో? అవి గుండ్లవలె ఒక్కొక్కటిగనే వచ్చి తగులును. తగిలిన చోట్లను లెక్కించినచో అలల చారలు కనబడును. ఏ రంధ్రమున దూరిపోయెనో చూతమని దీపము పెట్టినచో ఆ చారలు మాయమగును! శాస్త్రపు గుట్టంతయు ఇందే యున్నదని ఆయన మతము.

అంత సూక్ష్మమైన పరికరము అసాధ్యము గనుక ఇది ఊహాప్రయోగమే యని ఆయన చెప్పెను. విచిత్రమేమనగా, 1961లోనే జర్మనీలో ట్యూబింగెన్ నగరమున క్లాస్ యోన్సన్ రాగిరేకులో సన్నని చీలికలు ఏర్పరచి ఎలక్ట్రాన్ల చారలకు ఛాయాచిత్రము తీసియుండెను. ఆ వ్యాసమునకు ఆంగ్లానువాదము 1974లో గాని వెలువడలేదు. పిమ్మట 1989లో జపానునందు అకిరా తొనొమురా బృందము, ఎలక్ట్రాన్లు చుక్కచుక్కగా పడి క్రమముగా చారలగుటను కన్నులకు కట్టించెను.

గోడ తరువాత మాకు మిక్కిలి నచ్చినది అమ్మోనియా అణువు పాఠము. అందలి నైట్రోజన్, మూడు హైడ్రోజన్ల తలమునకు ఈవలనైన ఉండును, ఆవలనైన ఉండును. రెండే స్థితులు. స్థితికొక సంకీర్ణ సంఖ్య, రెండు సమీకరణములు, ఇంతే సామగ్రి. ఇంతమాత్రముచేతనే సెకనుకు సుమారు 2,400 కోట్ల కంపనములు గల మైక్రోతరంగమును వెలువరించు మేసర్ పనితీరు బోధపడును. కొలంబియా విశ్వవిద్యాలయమున టౌన్స్ బృందము ఆ యంత్రమును నడిపించినది 1954లోనే గదా! ఇంజనీరు కాబోవు విద్యార్థికి ఇంతకన్న దగ్గర చుట్టము దొరకదు. ఇక ష్రోడింగర్ సమీకరణమో, 1965లో వెలువడిన మూడవ సంపుటమున 21 అధ్యాయములుండగా, 16వదానిలో గాని పూర్తిగా ప్రవేశింపదు.

ఫలమేమి? పరీక్షలలో ఎక్కువమంది లెక్కలు చేసిన తీరు చూచి తన పద్ధతి విఫలమైనదని ఫైన్‌మన్ 1963లో తన పీఠికయందే వ్రాసికొనెను. ఉపన్యాసమువలన గాక, విద్యార్థితో ముఖాముఖి చర్చించుటవలననే చదువు వచ్చునని కూడ ఆయన తలంచెను. ఓడినది వేగమే గాని వరుస గాదని మేము తలంచెదము. రెండేండ్లలో శాస్త్రమంతయు వినిపింపబూనిన సభలో, సందేహము తోచిన బాలునికి ఆగి అడుగు తావెక్కడిది? వరుస మాత్రము నిలిచినది. నేటి క్వాంటం గణనయంత్రములకు మూలమైన క్యూబిట్ కూడ రెండు స్థితుల వస్తువే. అమ్మోనియా అణువు కూర్చున్న పీటపై దానిని కూర్చుండబెట్టి, గ్రహముల బొమ్మ ఊసెత్తకయే ఇంజనీరింగు విద్యార్థులకు తొలిపాఠము చెప్పు ఆచార్యులు ఇప్పుడు పలుచోట్ల కలరు.